గోదాం గుమ్మంలో దించిన బస్తా

గాంధీ గంజ్, బీదర్.

అక్కకు, బావకు సాయిలు దండాలు.

రెండు రోజులుగా ఇక్కడ ముసురు. ఈ రోజు గంజ్‌కు పెసర్ల లారీలు రెండే వచ్చాయి. మధ్యాహ్నానికే పని అయిపోయింది. గోదాం అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నేను, లక్ష్మి బాగున్నాం. మీరంతా ఎలా ఉన్నారు? బావ దగ్గు తగ్గిందా? ఈ ఉత్తరం మమతతో చదివించుకో.

కందుల సీజన్‌లో కాలు బెణికిందని ఫోన్లో చెప్పాను కదా. అది బెణుకు కాదు. ఇప్పుడు బాగైంది కనుక మొత్తం రాస్తున్నాను, భయపడకు.

మా హమాలీ టోలీలో పన్నెండు మందిమి. ఎత్తుకున్న బస్తాను మధ్యలో దించకూడదని మాకు పట్టింపు. దించినవాణ్ణి వారం దాకా ఆటపట్టిస్తారు. ఆ రోజు గోదాం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. పాదం కదపకుండా, వీపు మీద బస్తాతోనే ఒళ్ళు తిప్పాను. మోకాలి లోపల టక్కుమంది. అయినా దించలేదు. పైగా ఇంకా తొమ్మిది బస్తాలు మోశాను. సాయంత్రానికి మోకాలు కుండలా వాచింది.

మరునాడు కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి వెళ్ళి గుడ్డుసొన, పసరు పూయించుకుని గట్టిగా కట్టు కట్టించుకున్నాను. మూడు వారాలు కాలు కదపవద్దన్నాడు, కదపలేదు. కట్టు విప్పితే వాపు పోయింది కానీ తొడ సన్నబడింది, కాలు పూర్తిగా చాచలేకపోయాను. లక్ష్మి కందులు చెరిగే పనికి పోతే గదిలో నేనొక్కణ్ణే. రోడ్డు మీద లారీ చప్పుడు వింటే ఎవరి గోదాంకు పోతుందో అని ఆలోచిస్తూ పడుకునేవాణ్ణి. వచ్చే సీజన్‌కు మోయలేకపోతే నా చోటు టోలీలో ఇంకొకరికి పోతుంది. అది మా పద్ధతే, ఎవరినీ అనడానికి లేదు.

మా టోలీ పెద్ద పోచయ్య మామ. మన్నళ్ళి ఊరాయన, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే మోస్తున్నాడు. ఆయనే నన్ను ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు మోకాలు వంచి, తిప్పి, పిక్కను ముందుకు లాగి చూశాడు. స్కానింగ్ తీయించాడు. రెండు ఎముకల మధ్య ఉండే గుజ్జు కొంచెం చిరిగిందట. ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు మాత్రం బాగుందట. అది తెగితే నడుస్తుండగానే మోకాలు జారుతుందట, ఆపరేషన్ దాకా పోవచ్చట. నాది కసరత్తుతో తగ్గవచ్చని, మోకాలు ఇరుక్కుపోతే మాత్రం చిన్న రంధ్రం పెట్టి సరిచేయాల్సి వస్తుందని చెప్పాడు.

కసరత్తు నేర్పే మేడం, "నీ తొడ పని చేస్తలేదు, మోకాలొక్కటే మోస్తాంది. తొడకు పని చెప్పు" అంది. మడిచిన తువ్వాల మోకాలి కింద పెట్టి నొక్కడం, పడుకుని కాలు చాచి లేపడం, తర్వాత గోడకు వీపు ఆనించి సగం కూర్చుని లేవడం. రోజుకు మూడు సార్లు. ఒక్క పూట కూడా తప్పలేదు.

టోలీలోని బాలయ్య చూడడానికి వచ్చి, "ఏం సాయిలూ, పండుకొని కాలు లేపుడేనా? మాకు గూడ గిసొంటి పని ఇప్పియ్యరాదు!" అని నవ్వాడు.

"ముప్పైసార్లు లేపి సూడు" అన్నాను.

పద్దెనిమిదికే ఆగాడు.

పెసర్లు రాగానే డాక్టరును అడిగి పనికి వెళ్ళాను. నాలుగో బస్తాకు, అదే గుమ్మంలో లోపలికి మళ్ళబోతే, మోకాలు పట్టేసినట్టయింది. టోలీ అంతా చూస్తుండగా బస్తా దించాను.

"దించిండురో!" అని బాలయ్య అరిచాడు.

"దించిన. మల్ల ఎత్తుకుంట. నీకేమైతది?" అన్నాను.

పాదాలు తిప్పుకుని నిలబడి, ఇద్దరు సాయం పట్టగా మళ్ళీ ఎత్తుకున్నాను. ఆ రోజు ప్రతి బస్తా గుమ్మంలో దించుతూనే నా వంతు మొత్తం పూర్తి చేశాను. మోకాలు వాయలేదు. అక్కా, ఇది గొప్పగానే రాస్తున్నాను. నా చోటు నాకు ఉంది.

మరునాడు పోచయ్య మామ గుమ్మం పక్కన నడుమెత్తు బల్ల వేయించాడు. "ఇగ అందరు ఈడ దించి, తిరిగి ఎత్తుకోవాలె. నవ్వినోడు ఇంటికి పోవాలె" అన్నాడు. దాని మీద మొదటి బస్తా దించింది ఆయనే. దించి, మోకాలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తన మోకాలి నొప్పి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఈసారి ఆటోలో నేను ఆయన్ను తీసుకెళ్ళాను. గుజ్జు పూర్తిగా అరిగింది, ఇక బస్తా ఎత్తవద్దన్నాడు డాక్టరు.

బయటికి వచ్చాక మామ, "నిన్ను జల్ది తీస్కొచ్చిన బిడ్డా. నేను రాకపోతి" అన్నాడు.

టోలీ ఇప్పుడు నన్ను పెద్దగా పెట్టుకుంది. బాలయ్యే ముందు నా పేరు చెప్పాడు.

నాట్లలో నీ మోకాలు పట్టేస్తోందన్నావు. కట్టు కట్టించుకోకు, ముందు డాక్టరుకు చూపించు. ఇటు ఎవరైనా వస్తుంటే మామిడి తొక్కు పంపు, రొట్టెల్లోకి అదే కావాలంటోంది లక్ష్మి. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మీ దీవెన మా ఇద్దరి మీద ఉండాలి.

ఇట్లు నీ తమ్ముడు,
సాయిలు

పోచయ్య మామ మొన్న సోమవారం పొద్దున ఎనిమిది గంటల బస్సుకు మన్నళ్ళి వెళ్ళిపోయాడు.