రాలిన జుట్టుకు మూడు నెలల లెక్క

శింగనమల,
12-9-1964.

సౌభాగ్యవతి చెల్లెలు నాగలక్ష్మమ్మకు అక్క రామాంజినమ్మ దీవించి రాయునది. ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను బాగున్నాము. చెరువులో నీళ్లు మోకాటి లోతే గానీ, శెనక్కాయ చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మరిది జయరాముడు మళ్లీ మగ్గం గుంటలో దిగాడని చదివి, నీ ఉత్తరం కళ్లకద్దుకున్నాను.

ఇక నీ తల సంగతి. దువ్వితే పిడికెడు జుట్టు వస్తోందనీ, దారం చుట్టే కండెలో చిక్కిన వెంట్రుక నేతలో పడి షావుకారు చీర తిప్పి పంపాడనీ రాశావు. "నీ తలకేందో రోగం తగిలిండాది, ఇంగ రాట్నం ముట్టద్దు" అని మీ అత్త చౌడమ్మ కండెలు చుట్టే పని పక్కింటి మారెక్కకు ఇచ్చిందట. "ఆయన జ్వరంతో పడుకున్న నెలంతా ఒక్కటీ రాలలేదక్కా. ఆయన లేచి తిరుగుతాంటే ఇప్పుడెందుకు రాలుతాది? నాకే ఏదో పెద్ద జబ్బు" అని ఏడ్చావు.

జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నేను ఎంచి చూసినదాన్ని.

ఐదేళ్ల కిందట వైశాఖంలో మా బావి ఎండింది. గొడ్లను అమ్మాలా, ఊరు విడవాలా అని ఒకటే దిగులు. అప్పుడు ఒక్క వెంట్రుకా కదల్లేదు. వానలు పడి, బావి ఊరి, కడుపునిండా తిన్నాక, శ్రావణంలో మొదలైంది. నువ్వు పసిబిడ్డను ఎత్తుకొని వచ్చి, "ఏమక్కా, ఈకలు పెరికిన కోడి మాదిరుండావే!" అని నవ్వలేదూ? రాలినవి రోజూ ఎంచి, చుట్ట చుట్టి గోడ సందులో పెట్టి, లెక్క క్యాలెండరులో వేసేదాన్ని. శ్రావణంలో రోజుకు రెండు వందల పైన. కార్తీకంలో తొంభై. పుష్యానికి నలభై. అప్పటికే నుదుటి మీద పిల్ల వెంట్రుకలు గడ్డిమొలకల్లా లేచాయి. సవరాలు కట్టే ఓబులమ్మ ఆ చుట్టలు చూసి, "ఏమమ్మా, ఇంటిల్లిపాదీ గుండు కొట్టించుకున్యారా?" అంది.

మనసుకు తగిలిన దెబ్బ జుట్టుకు తెలిసేసరికి మూడు నెలలు పడుతుంది. మరిది జ్వరం జ్యేష్ఠంలో. ఇది భాద్రపదం. వేళ్లు మడిచి చూసుకో.

ఈ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించు. తలకు గుడ్డ బిగించి కట్టుకొని రాట్నం ముందు కూర్చో. పుష్యం దాకా రోజూ ఎంచు. నా లెక్క తప్పితే ధర్మవరం వచ్చి ఆమె ముందే ఒప్పుకుంటాను. అంతవరకు జడలో కలుపుకోవడానికి మీ ఊరికి వస్తున్న ఓబులేసు చేత ఒక సవరం పంపుతున్నాను.

ఇట్లు,
నీ అక్క
రామాంజినమ్మ

తా.క. ఇది మాత్రం అత్తకు చదవద్దు. ఆ ఏడు మా బావి ఎండలేదు. ఆ వైశాఖంలోనే నీ కాన్పు. నువ్వు కన్ను తెరవని పదకొండు రోజులూ ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. "ఆశ పెట్టుకోవద్దమ్మా" అని డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు బిడ్డతో వచ్చి కోడి అని నవ్వినప్పుడు, ఆ నవ్వు చెడగొట్టలేక నెపం బావి మీద పెట్టాను. ఈ సవరం ఓబులమ్మ ఆ చుట్టలతోనే కట్టింది. నీ జడలో బాగా కలుస్తుంది.