ఎవరిదీ కాని బ్యాంకు

ఫిబ్రవరి 3, సోమవారం

మెడలో కొత్త ట్యాగ్. ఈ ఉద్యోగంలో చేరాక మూడోది. మొదట నీలం, తర్వాత ఆకుపచ్చ, ఇప్పుడు నలుపు. బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులో నా కుర్చీ కూడా మారలేదు, అక్కడ ఇటలీలో మా బ్యాంకు ఓనర్లు మాత్రం మారుతూనే ఉన్నారు. మిలాన్ వాళ్ళు పోయి ఫ్రెంచి వాళ్ళొచ్చారు, వాళ్ళు పోయి ఇప్పుడేదో పెట్టుబడుల ఫండ్. కేక్ కోశారు. దాని మీద కొత్త లోగో, నల్ల క్రీమ్. తిన్నవాళ్ళందరి నాలుకలూ నల్లబడ్డాయి.

నా పని హెల్ప్‌డెస్క్. బ్రాంచుల్లో ప్రింటర్ ఆగినా, తలుపు పట్టేసినా వాళ్ళు ఇటాలియన్‌లో టికెట్, అంటే కంప్లయింట్, పెడతారు. నేనిక్కడ కూర్చుని అక్కడికి మనిషిని పంపించి, పనయ్యాక టికెట్ మూసేస్తాను.

ఫిబ్రవరి 5, బుధవారం

మేనేజర్ అభిజిత్ పిలిచాడు. కొత్త ఓనర్లకి వెబ్‌సైట్‌లో 'మన చరిత్ర' పేజీ కావాలట. బ్యాంకు పుట్టిన ఊళ్ళో మూడేళ్ళున్నావు కదా జెస్సీ, నువ్వే రాయి అన్నాడు. ఉన్నానంటే పిన్ని దగ్గర. పిన్ని నన్. ముప్పై ఏళ్ళ కిందట ఒంగోలు నుంచి వెళ్ళింది, అక్కడ ముసలివాళ్ళ హోమ్ నడుపుతోంది. నాకు ఇటాలియన్ వచ్చింది ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూనే.

రాస్తుంటే సరదాగానే ఉంది. ఊరి వాళ్ళు బ్యాంకుని కాస్సా అంటారు. అంటే పెట్టె. రెండు వందల ఏళ్ళ కిందట ఊరి ఫాదరు, మందుల షాపాయన, కొందరు పట్టు వర్తకులు తలా కాస్త వేసి మొదలుపెట్టారు. వేసినవాళ్ళకి లాభం లేదు, వాటా లేదు. కూలీలూ పనిమనుషులూ దాచుకోడానికే ఆ పెట్టె. ఒక్కొక్కరు ఇంతకు మించి వేయకూడదని హద్దుండేది. డబ్బున్నవాడు మూట పట్టుకొస్తే మర్యాదగా బయటికి పంపేవాళ్ళట. మిగిలిన లాభంతో పిన్ని నడిపే ఆ హోమ్ కట్టారు.

అంటే అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని అసలు ఎవరు అమ్మారు? అది రాయమని నన్నెవరూ అడగలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

డబ్బున్నవాళ్ళని బయటికి పంపే వాక్యం కొట్టేశారు. ఇప్పటి క్లయింట్స్‌కి బాగుండదట. హోమ్ గురించి మాత్రం ఇంకా రాయమన్నారు, ఫోటో పెద్దది కావాలన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి పిన్నికి వీడియో కాల్ చేశాను. హోమ్‌లో హీటింగ్ చెడిపోయి మూడు వారాలైందట. బిల్డింగ్ బ్యాంకుది, బ్యాంకే బాగుచేయించాలి. అడిగితే ఓనర్ మారుతున్నాడు, ఆగండి అంటున్నారట. పద్నాలుగు మంది ముసలివాళ్ళు కోట్లు వేసుకుని పడుకుంటున్నారు. ఇప్పుడు ఓనర్ ఎవరే అని అడిగింది పిన్ని. నాకూ సరిగ్గా తెలియదన్నాను.

అలాంటప్పుడు వంటింటి ఫోటో అడగడానికి సిగ్గేసింది. అడిగాను. పంపింది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఫండ్ తరఫున ఒకావిడ కాల్‌లోకి వచ్చింది. బెల్లం పూసిన గొంతు. జూన్‌కల్లా హోమ్ ఖాళీ చేయిస్తారట. హోటల్ కడతారు. ముసలివాళ్ళని తలో ఊరికీ సర్దుతారు. ఏప్రిల్ దాకా ఎక్కడా నోరెత్తకూడదు, అందరం సంతకాలు పెట్టి ఉన్నాం. మరి పేజీలో హోమ్ సంగతి తీసేయనా అని అడిగాను. వద్దంది, అది మన హెరిటేజ్ అంది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. వీళ్ళకి వాడు చచ్చేదాకా కూడా ఆగే ఓపిక లేదు. అభిజిత్ మ్యూట్‌లో శాండ్‌విచ్ తింటూ చాట్‌లో థమ్స్‌అప్ పెట్టాడు. నేనూ పెట్టాను.

ఫిబ్రవరి 13

అసహ్యం. ఇంకేం రాయను.

ఫిబ్రవరి 15, శనివారం

నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ ఇంటి ఓనరమ్మ అంజినమ్మకి మొత్తం చెప్పేశాను, పేర్లు లేకుండా. వాళ్ళకి చెబితే ఉద్యోగం పోతుందని కూడా చెప్పాను. ఆవిడ మోటార్ స్విచ్ దగ్గర నిలబడి అంతా విని ఒక్క మాటే అంది.

"ముసిలోళ్ళు చలిలో ఉండారంటివి కదమ్మా, నీకు సంతకం పెద్దదయిందా?"

కోపమొచ్చింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

పిన్నికి చెప్పేశాను. హోటల్, జూన్, తలో ఊరు, అన్నీ.

వెనక ఎవరో దగ్గుతున్నారు. పిన్ని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, తిట్టలేదు.

"ఇక్కడి మీ బ్రాంచ్‌లో హీటింగ్ పనిచేస్తోందా?" అని అడిగింది.

బ్రహ్మాండంగా చేస్తోంది, జనవరిలో ఆ టికెట్ మూసింది నేనే అన్నాను. సరే పడుకో అంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పేజీ లైవ్. పిన్ని వంటిల్లు, గోడకి తను తగిలించిన గరిటెలు, వాటి కింద ఫండ్ పేరు. 'రెండు శతాబ్దాలుగా మీ పెద్దల చెంతనే.' ఆ వాక్యం నాదే. అభిజిత్ మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ పెట్టాడు. ఇంటికొచ్చి తలారా స్నానం చేశాను, అయినా వదల్లేదు.

ఫిబ్రవరి 20, గురువారం, మధ్యాహ్నం 2.40

ఆ ఊరి బ్రాంచ్ నుంచి టికెట్. పద్నాలుగు మంది వృద్ధులు దుప్పట్లతో లోపలికి వచ్చి కూర్చున్నారు, ఒక నన్ సూప్ పోస్తోంది, వెళ్ళమంటే వెళ్ళడం లేదు, వెంటనే తొలగించగలరు.

టికెట్ కేటగిరీల్లో మనుషులు లేరు. బ్రాంచ్ వాళ్ళు 'పాత ఫర్నిచర్' ఎంచుకున్నారు.

సాయంత్రంలోపు మూసేయమన్నాడు అభిజిత్. టికెట్ నా పేరు మీదికి మార్చుకున్నాను. మనిషిని ఎవరినీ పంపలేదు. ఇక నేను తప్ప దాన్ని ఎవరూ మూయలేరు.