లంకలో వేసిన విస్తరి

బుల్లిరాజు బావకి,

నీ చుట్టల్లో మిరపగింజలు దోపినవాణ్ణే అయినా ఈసారి నా మాట నమ్ము. నన్ను రాక్షసి పట్టింది.

మన డిటెక్టివ్ ఆఫీసుకి శ్రీసుధగారని ఒకావిడ వచ్చి, మొగుడు మణిశంకర్ కనబడ్డంలేదని ఏడ్చింది. వాడి స్కూటరు కోటిపల్లి రేవులో దొరికింది. పడవవాడికి సిగరెట్టిచ్చి గదమాయిస్తే ఈ లంకలో పెంకుటిల్లు చూపించాడు.

తలుపు తీసినావిడ పాదాలు వెనక్కి తిరిగున్నాయి. చూశాను బావా, డిటెక్టివ్‌ని కదా! పారిపోయేలోపే "అయ్యో, ఆకు వేసేశానండి, కాస్త ఎంగిలిపడి వెళ్దురుగాని" అంది. వేసిన విస్తరి వదిలి లేవడం మన ఇంటావంటా లేదాయె. పనసపొట్టు కూర కలిపి ఒక్క ముద్ద తిన్నాను. అప్పట్నుంచి గడప దగ్గరికెళ్తే కాళ్ళు రాళ్ళైపోతున్నాయి. మణిశంకరూ ఇక్కడే ఉన్నాడు. గుమ్మడికాయలా ఊరిపోయి "మొహమాటపడకండి, మారు వడ్డించుకోండి" అంటాడు నాతో!

ఆవిడ వంట ముట్టనివాడు వచ్చి చెయ్యి పట్టుకు లాగితేనే మాకు విడుదలట, మణిశంకరే చెప్పాడు. నీకు షుగరు, డాక్టరు నోరు కట్టేశాడు. అందుకే నిన్ను రమ్మంటున్నాను. ఉత్తరం పడవవాడి చేత పంపుతాను.

ఇంతవరకూ రాశాక ఆవిడ వెనకనుంచి వచ్చి "మీ బావగారికి ఏవిఁష్టమండీ?" అంది. ఎంత ఆప్యాయంగా అడిగిందనుకున్నావ్! పులస పులుసని చెప్పేశాను. పులసకి నీ డాక్టరు అడ్డు చెప్పడు, నువ్వసలే చెప్పవు.

చింతపండు నానబెట్టేసింది. పైన రాసిందంతా కొట్టేశాననుకో. రావద్దు బావా.

నీ బావమరిది