ఎనిమిది నెలల సిగ్గు

పెదనాన్నకు పిచ్చుక నమస్కారాలు.

వచ్చే నెల మొదటి ఆదివారం మా ప్రెస్సు పక్కనున్న హాల్లో నేను మాట్లాడబోతున్నాను. మీరూ పెద్దమ్మా రావాలి. మీ దగ్గర ఒక సంగతి దాచాను. సిగ్గేసి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి బయటపడక తప్పలేదు. అప్పుడే నోరు విప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు సిగ్గు లేదు, నలుగురి ముందూ చెప్పేస్తాను.

మీ పిచ్చుక

తా.క.: అమ్మకు తెలుసు. మొదట ఏడ్చింది, ఇప్పుడు సర్దుకుంది.

*

పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

షాపులో చేతి గడియారం విప్పి స్క్రూలు బల్ల మీద పరుచుకున్నప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఒక స్క్రూ ఇంకా దొరకలేదు. ఇంత దూరం అంటే ఎంత దూరం? అబ్బాయి ఏం చేస్తాడు? హాలు కూడా మాట్లాడేసుకున్నాక ఇక నన్ను అడిగేదేముంది. అయినా నేను మరీ అంత పాతకాలం మనిషిని కాను.

నీ పెదనాన్న

తా.క.: భోజనాలు ఎంతమందికి?

*

పెదనాన్నకు నమస్కారాలు.

అబ్బాయి లేడు. నాకు పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. అపెండిసైటిస్ ఆపరేషన్ అని మీకు చెప్పింది దీని గురించే. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. దొడ్డికెళితే రక్తం పడేది. మొలలనుకున్నాను, వేడి చేసిందనుకున్నాను. బైండింగ్ బల్ల దగ్గర కళ్లు తిరిగితే నిద్ర చాలలేదనుకున్నాను.

చివరికి ఆసుపత్రికి వెళ్తే, "ఎన్నాళ్ల నుంచి?" అంది డాక్టరమ్మ. చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆగిపోయింది. తిట్టలేదు. "ఎవరితోనూ అనలేదా అమ్మా?" అని మాత్రం అడిగింది.

పేగులో కొంత కోసి తీసేశారు, ఆరు నెలలు మందులెక్కించారు. రెండేళ్లుగా పరీక్షలన్నీ బాగానే వస్తున్నాయి. ఆ ఆదివారం చెప్పబోయేది ఇదే.

మీ పిచ్చుక

తా.క.: భోజనాలు లేవు. టీ ఇస్తారు.

*

పిచ్చుకా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకు చెప్పలేదని కోపం వచ్చింది. రెండోసారి ఏం వచ్చిందో రాయను. నువ్వు బతికావు, అది చాలు. కానీ తల్లీ, ఆ మాటలు మైకులో ఎందుకు? గుండె జబ్బు అని చెప్పకూడదా? కాస్త గౌరవంగా ఉంటుంది. నేను మాత్రం రాలేను. షాపు మూయలేను. పైగా నా ఒంటికేం, గుండ్రాయిలా ఉన్నాను.

నీ పెదనాన్న

తా.క.: పెద్దమ్మకు చెప్పలేదు. ఆవిడ తట్టుకోలేదు.

*

పెదనాన్నకు నమస్కారాలు.

గుండె జబ్బని చెబితే వాళ్లు గుండె చూపించుకుంటారు కదా.

నలభై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చారు. 'మలంలో రక్తం' అనగానే ముందు వరస వాళ్లు చెప్పుల వైపు చూసుకున్నారు. చాలామందికి అది మొలలే కావచ్చు; కానీ ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి, మనకు మనం చెప్పుకోకూడదు అన్నాను. తర్వాత టీ దగ్గర ఒకాయన, "మా స్నేహితుడికి ఇలాగే ఉందమ్మా" అన్నాడు. రేపే వెళ్లమనండి అన్నాను. "రేపు నాకు డ్యూటీ..." అని నాలుక్కరుచుకుని, "వాడికి," అన్నాడు. ఇద్దరం నవ్వలేదు. డాక్టరమ్మ చిరునామా రాసిచ్చాను.

మీ పిచ్చుక

తా.క.: ఆ స్నేహితుడు సెలవు పెట్టి వెళ్లాడట.

*

మా పిచ్చుకకు,

పెద్దమ్మ నీ ఉత్తరాలు చదివేసింది. అన్నం వడ్డిస్తూ, "నాకూ ఐదు నెలల నుంచి పడుతోంది," అంది, ఉప్పు తక్కువైందన్నట్టు. ముప్పై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకెందుకు చెప్పలేదంటే, "మీరు తట్టుకోలేరని" అంది. నిజమే.

మర్నాడే తీసుకెళ్లాను. కెమెరా పెట్టి చూసి పేగు లోపల పెరిగిన రెండు బుడిపెలు అక్కడికక్కడే తీసేశారు. పరీక్షకు పంపిన ఫలితం నిన్న వచ్చింది. క్యాన్సర్ కాదు. వదిలేసి ఉంటే అయ్యేదేమో అన్నాడు డాక్టరు. తర్వాత నా వైపు తిరిగి, "మీ వయసెంత? మీరెప్పుడైనా చూపించుకున్నారా?" అన్నాడు. గుండ్రాయి సంగతి ఆయనకు చెప్పలేదు.

నువ్వు మైకులోనే మాట్లాడు, తల్లీ. ఈసారి ముందు వరసలో నేను కూర్చుంటాను.

నీ పెదనాన్న

తా.క.: షాపు తలుపుకి కాగితం అంటించాను: 'మంగళవారం సెలవు. యజమాని పెద్దపేగు పరీక్షకు వెళ్లాడు.' 'ఒంట్లో బాగోలేదు' అని రాస్తే చాలంది పెద్దమ్మ. నేను ఒప్పుకోలేదు.