పాత కారూ నిండు చెంబూ

ధర్మవరం,
3-9-1979

చిరంజీవి బదరీనారాయణకు బావ మల్లికార్జునయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మీ అక్క శాంతమ్మ క్షేమం, నేను క్షేమం, మగ్గాలు క్షేమం. కారు మాత్రం క్షేమంగా లేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు గుంత వచ్చినప్పుడల్లా లేచి, టాపుకు తల కొట్టుకుని, మళ్లీ కూర్చుంటున్నారు. లారీలు బాగుచేసే జయరాముడు కిందికి దూరి చూసి, "వెనక షాక్ అబ్జార్బరు ఒకటి బిగుసుకపోయిండాది సామీ. పాతకాలం బండి, ఈడ దొరకదు" అన్నాడు.

మన అమ్మాయికి ఏడో నెల అని నీకు తెలుసు. ఈ నెల ఇరవై దాటితే ఎనిమిది పడుతుంది. ఎనిమిదో నెలలో పిల్లను గడప దాటించరు. తొమ్మిదో నెల వస్తే ముదిగుబ్బ వియ్యపురాలు రత్నమ్మ అసలే కదలనివ్వదు, పురుడు అక్కడే పోస్తుంది. తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే మీ అక్క నన్ను బతకనివ్వదు.

రైల్లో తీసుకురావచ్చు కదా అంటావేమో. పెళ్లిపందిట్లో నూరుమంది ముందు "మా బిడ్డ పుట్టింటికి కారులోనే వస్తుంది" అన్న నోరు నాది. గుత్తిలో మోటారు సామాన్ల అంగడి పెట్టుకున్న బావమరిది ఉండగా నేను మాట తప్పాలా? వెంటనే జవాబు రాయి.

ఇట్లు, నీ బావ.

తా.క.: మీ అక్క కారెక్కడం మానేసింది. అంగడి చీరలు మాత్రం ఎక్కుతున్నాయి, వాటికి నోరు లేదు గనక.

*

గుత్తి,
5-9-1979

పూజ్యులైన బావగారికి బదరీనారాయణ నమస్కరించి రాసుకునేది.

దిగులుపడకండి. మీ బండి కాలానికి షాక్ అబ్జార్బర్లు నాలుగు రకాలున్నాయి. ఉత్తరంలో చదివి పోల్చుకోలేను, కళ్లతో చూడాలి. చెడిపోయినదాన్ని విప్పించి గుత్తి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపండి. సరైనది వెతికి తిరుగు బస్సుకే పంపుతాను. మేనకోడలు కాన్పు నా కాన్పు అనుకోండి.

విధేయుడు, బదరీనారాయణ.

తా.క.: మీరు మాత్రం విప్పకండి. పోయినసారి మీరు హారను బాగుచేశాక లైటు వేస్తే హారను మోగింది.

*

ధర్మవరం,
9-9-1979

చిరంజీవి బదరీనారాయణకు ఆశీస్సులు.

జయరాముడు అనంతపురం పోయి రాలేదు. ఇరవయ్యో తేదీ నా కోసం ఆగదు కాబట్టి నేనే పూనుకున్నాను. మగ్గం నేసే తిప్పన్నను తోడు పెట్టుకుని, రెండువైపులా కింది నట్లు విప్పి నొక్కి చూశాను. ఎడమది నొక్కితే మెల్లగా లోపలికి పోయింది, లాగితే బయటికి వచ్చింది. కుడిదానికి ఇద్దరం వేలాడినా వెంట్రుకవాసి కదల్లేదు. నలభై ఏళ్లుగా పట్టు పరీక్షించిన చేయి నాది. లాగితే సాగే పోగు పడుగుకు పనికిరాదని మగ్గం గుంతలో పిల్లవాడికి కూడా తెలుసు. అందుకని సాగుతున్న ఎడమదాన్ని పూర్తిగా విప్పి నీకు పంపాను. ఉక్కులాంటి కుడిదాన్ని మళ్లీ బిగించేశాను.

బిడ్డకు ధైర్యం చెప్పి వద్దామని ఆ కారులోనే ముదిగుబ్బ పోయాను. అక్కడే చెడింది పని. రత్నమ్మ వాకిట్లో నిలబడి నా రాకను మొదటినుంచీ చూసింది. "ఏం మల్లికార్జునన్నా, ఇది కారా, పొట్టేలా? వీధి పొడుగునా ఎగురుకుంటా వస్తాండాదే! దీంట్లోనా నా కోడల్ని కూర్చోబెట్టేది?" అంది. అంతటితో ఆగలేదు. "వెనక సీట్లో నిండు చెంబు నీళ్లు పెట్టి నాలుగు వీధులూ తిప్పుతా. ఒక్క చుక్క ఒలికినా పిల్లను పంపేది లేదు" అని అందరి ముందూ చెప్పింది. అమ్మాయి తలుపు చాటునుంచి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. తొందరగా పంపు నాయనా.

ఇట్లు, నీ బావ.

తా.క.: తిరిగి వస్తుంటే ఒక గొర్రెల కాపరి నన్ను దాటుకుని పోయాడు. మందతో సహా.

*

గుత్తి,
12-9-1979

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు పంపినది దివ్యంగా ఉంది. నొక్కితే లోపలికి పోవడమే దాని పని! మీరు ఉక్కని మెచ్చుకుని బిగించారే, చెడిపోయింది అది. పట్టుపోగు సాగకూడదు, నిజమే. ఇది మాత్రం గుంత వచ్చినప్పుడు లొంగాలి, లొంగి మెల్లగా లేవాలి. మా అక్క ఇరవై ఐదేళ్లుగా మీతో కాపురం ఎలా చేసిందనుకున్నారు?

రెండూ కొత్తవే జతగా పంపుతున్నాను. రెండూ లొంగుతాయి, చెడిపోయాయని వెనక్కి పంపకండి. కుడిదాని పై నట్టు తుప్పు పట్టి ఉంటుంది. పొద్దునా సాయంత్రమూ కిరసనాయిలు పోయించి, జయరాముడు వచ్చాకే విప్పించండి. మీరు కారు కింద దూరారని తెలిస్తే అక్కకు వేరే ఉత్తరం రాస్తాను.

విధేయుడు, బదరీనారాయణ.

తా.క.: ఖాళీ బండి తిప్పి మురిసిపోకండి. వెనక సీట్లో తగిన బరువు ఉంచి చూడాలి.

*

ధర్మవరం,
20-9-1979

చిరంజీవి బదరీనారాయణకు వేయి ఆశీస్సులు.

మన అమ్మాయి ఇంటికి వచ్చింది. ముందు ఆ మాట, తర్వాతే మిగతావి.

నట్టు మూడు రోజులు కిరసనాయిలు తాగి నాలుగో రోజు దిగింది. జయరాముడు రెండూ బిగించాడు. నేను దూరంగా నిలబడ్డాను, అంటే మీ అక్క నిలబెట్టింది. నిన్న ముదిగుబ్బ పోయేసరికి రత్నమ్మ చెంబుతో సిద్ధంగా ఉంది. నువ్వు తగిన బరువు ఉంచమన్నావు. నాకు ఆ శ్రమ లేకుండా ఆమే చెంబు పట్టుకుని ఎక్కి కూర్చుంది. నాలుగు వీధులు తిప్పాను. గుంత వచ్చినప్పుడల్లా నా గుండె ఎగిరింది గానీ చెంబులో నీళ్లు ఎగరలేదు. కరువు సీమలో నీళ్లు పారబోస్తే పాపమని, ఆఖరి వీధిలో వాటిని ఆమే తాగేసింది. "ఉయ్యాల మాదిరి ఉండాదన్నా" అంది.

అమ్మాయి వచ్చి కారెక్కింది. వెనకే ట్రంకు పెట్టె వచ్చింది. ఎవరిదనుకున్నావు? రత్నమ్మది! "నా నడుము పట్టుకోని మూడు నెలలాయె. బస్సెక్కలేను, రైలెక్కలేను. కోడలి కాన్పుకు నేను లేకుంటే ఎట్లన్నా? అందుకే నీ కారు కుదురుకునేదాకా పట్టుబట్టినా" అంది. వారం ముందే పెట్టె సర్దుకుందట. కోడలి కోసమని మనం హడలిపోయిన పరీక్ష, ఆవిడ నడుము కోసం.

పొద్దుటినుంచి మా వంటింట్లో పప్పులోకి చింతపండు ఎంత వేయాలని వియ్యపురాళ్లిద్దరూ వాదించుకుంటున్నారు. అమ్మాయి మధ్యలో కూర్చుని ఇద్దరూ పెట్టింది తింటూ నవ్వుతోంది. ఆ నవ్వు ఇంట్లో వినపడేలా చేసినవాడివి నువ్వు. నీ మేలు మరవను.

ఇట్లు, నీ బావ.

తా.క.: ఇది మీ అక్క రాస్తున్నది. తమ్ముడూ, పురుడై, బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా రత్నమ్మ వదిన ఇక్కడే ఉంటుందట. ఆ తర్వాత కూడా ఈ కారులో తప్ప ముదిగుబ్బకు పోదట. నువ్వు పంపిన రెండింటికీ ఈలోగా ఏమైనా అయితే నా గతేమిటి? అలాంటి జత ఇంకొకటి ఇప్పుడే, ఈ ఉత్తరం అందిన రోజు బస్సుకే పంపు.