నీ సీటు తీసేశాను

స్వర్గంలో సెటిలైన అన్నయ్యకు, అరోరా ఊళ్లోని మీ ఇంటి గ్యారేజీ నుంచి తమ్ముడు సవినయంగా వ్రాయునది.

నీ పాత రేసింగ్ గో-కార్ట్‌ను నీ కూతురు చిన్ని కోసం మార్చాను. మట్టి ట్రాక్ ఎడమకే తిరుగుతుంది కనుక బరువంతా ఎడమకు జరిపాను, పెడల్స్ పొడిగించాను. నా మాస్టర్స్ డిగ్రీ ఇన్నాళ్లకు పనికొచ్చింది. కానీ చిన్ని నీ సీటులో, బకెట్‌లో బంగాళాదుంపలా దొర్లుతోంది. సీటు మార్చకపోతే రేసుకు రానివ్వం అన్నారు ట్రాక్ వాళ్లు.

“అది నాన్న సీట్ బాబాయ్, తీయకు.”

“నాన్నే తీయమన్నాడు తల్లీ.”

“ఎప్పుడు చెప్పాడు? హీ ఈజ్ డెడ్.”

స్పానర్ తీసుకుని నీ సీటు బోల్టులు విప్పాను.

ఇవాళే రేసు. చిన్న సీటు బిగించాను, సరిగ్గా తన కొలతకే. వదిన హెల్మెట్ పట్టుకుని పొద్దుటి నుంచి బతిమాలుతోంది. చిన్ని మాత్రం గ్యారేజీ నేల మీద పెట్టిన నీ సీటులోంచి లేవడం లేదు.