మిగిలిన ఎడమ కంటి గురించి

ధర్మపురి జిల్లా కలెక్టర్ వారి సముఖమునకు, బొమ్మిడి పక్కన మేకలు మేపుకొని బతికే పిల్లమ్మ, కాటప్ప పెండ్లాం, చెప్పి రాయించినది.

అయ్యా,

విషయం: వీరప్పను కొట్టిన కేసులో నన్ను జైల్లో వేయుట గురించియు, అంతకు ముందే నా మనవరాలు వెన్నిలను కంటి ఆసుపత్రిలో చేర్చుట గురించియు.

పోయిన సోమవారం ఇచ్చిన అర్జీ తమిళంలో ఉన్నది. రాసినవాడు "వాగ్వాదము జరిగినది" అని రాసినాడంట. వాగ్వాదం కాదు సామీ, కొట్టినాను. అందుకని ఈసారి కుప్పం నుంచి వచ్చిన మా కోడలు ధనం చేత, చెప్పింది చెప్పినట్టు మా ఇంటి మాటలోనే రాయించినాను.

1. వెన్నిల తల్లి లేని పిల్ల. దానికి లూపస్ అనే జబ్బు గలదు. ఒంటికి కాపలా ఉండవలసిన శక్తే ఒంటి మీద పడుతుందని డాక్టరమ్మ చెప్పినది. మందను కాయాల్సిన కుక్క మేకపిల్ల గొంతు పట్టినట్టు. కంటి వెనక తెరలో వెంట్రుక కంటే సన్నని నెత్తురు నాళాలు ఉంటాయంట. అవి వాచి, మూసుకుపోయి, కొన్ని చిట్లి నెత్తురు కారినది. నెత్తురు అందని చోట దూది మాదిరి తెల్ల మచ్చలు. ఫొటోలో నేనే చూసినాను. కుడి కన్ను పోయినది. మాత్రలు ఆపకుండా, సూదులు వేయించుకుంటే ఎడమది నిలవవచ్చునంట.

2. బయటికి కన్ను బాగానే అగపడును. అదే దాని ఖర్మ. "కండ్ల ముందర నల్ల దారాలు ఆడుతుండాయి" అన్నందుకు, పేయి, అంటే దయ్యం, పట్టిందని మొగుడు సెల్వం మాత్రలు పొయ్యిలో వేసినాడు. చెంపల మీద ఈ జబ్బుతో లేచిన ఎర్ర మచ్చ పేయి చరిచిన గుర్తంట.

3. సెల్వం మేనమామ వీరప్ప, తిరునాళ్లలో పేయి వదిలించే కొరడా పట్టేవాడు. పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, జుట్టు సెల్వం చేతికిచ్చి, వీపు మీద కొట్టినాడు. "పోతావా, పోవా?" అంటాడు. "నేను వెన్నిలను మామా, వెన్నిలనే" అని అది ఏడుస్తాది. నేను పోయేసరికి రవిక వీపుకు అతుక్కొని ఉండె.

4. కొరడా గుంజుకొని వీరప్పను కొట్టినది వాస్తవము. కింద పడినాక కూడా కొట్టినాను. "నీలో ఉండేది పోతుందా, పోదా రా?" అని అడిగితే పోతుందన్నాడు. వాని చెయ్యి విరిగినది. "చాలు అవ్వా" అని వెన్నిల అన్నది గనుక ఆపినాను.

5. వీరప్ప కాళ్లు మొక్కి, పిల్లను మొగునింటికి పంపితే కేసు లేదని స్టేషన్లో రాజీ చెప్పుచున్నారు. "జైలు తట్టుకోలేవు పాటీ, ముసలిదానివి" అంటాడు ఇన్‌స్పెక్టరు. తట్టుకుంటాను. ఆ ఇంటికి పోతే ఎడమ కన్ను తట్టుకోదు. నేనే ఆసుపత్రికి తీసుకుపోతే సెల్వం మనుషులు గేటు దగ్గరే అడ్డం పడి వెనక్కి తరిమినారు.

కావున, పిల్లను ఆసుపత్రిలో చేర్చి, ఒక ఆడ పోలీసును కాపలా పెట్టి, ఆ తర్వాతనే నన్ను జైలుకు పంపునట్లు ఆజ్ఞ ఇవ్వవలెను. నా మీద దయ చూపమని అడుగుట లేదు. ఈ పొద్దే చిత్తగించవలెను.

తమ విధేయురాలు, కేసు ఒప్పుకొనుట వరకు మాత్రమే,
పిల్లమ్మ (వేలిముద్ర)

ఇంకొక సంగతి: ముద్ర వేస్తుండగానే సెల్వం బైకులో వచ్చి పిల్ల చెయ్యి పట్టి లాగినాడు. రోకలితో కొట్టినాను. ఊపిరి ఉన్నది. వాణ్ణి కొట్టినది కూడా నా కేసులో కలుపుకోండి. ధనం ఈ కాగితం తెచ్చి ఇస్తాది, మేము ఆటోలో ఆసుపత్రికి పోతున్నాము. పోలీసులను ఇంటికి పంపవద్దు, అక్కడికే పంపండి. కంటి వార్డు తలుపు ముందర కూర్చొని ఉంటాను. పిల్లకు సూది వేసి డాక్టరమ్మ బయటికి వచ్చేదాకా మాత్రం నన్ను ఎవరూ తాకవద్దని చెప్పి పంపండి. రోకలి ఒళ్లోనే ఉంటుంది.